పాత సెడాన్‌లో స్టీరింగ్ ఇబ్బందులు: టైరు దగ్గర మొదలుపెట్టి రాక్ దాకా

పదేళ్లు దాటిన సెడాన్‌లో స్టీరింగ్ కాస్త తేడాగా అనిపించగానే "రాక్ పోయింది, మార్చాలె" అనే మాట వినబడుతుంది. రాక్ అంటే స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు చేర్చే పళ్ల కడ్డీ, దాని గొట్టం. నిజంగా రాక్ పోయిన బండ్లు తక్కువ. టైరులో గాలి తగ్గినా, బెల్టు జారినా, ఆయిల్ మాడినా, రాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అరిగినా, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే బేరింగ్ పట్టేసినా, చివరికి బ్యాటరీ ఎర్త్ వైరు తుప్పు పట్టినా అచ్చం రాక్ పోయినట్టే ఉంటుంది. వీటిలో చాలావాటికి అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది, రాక్‌కు వేలు కావాలి. అందుకే నేల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. ముందు టైరు, తర్వాత జాయింట్లు, ఆ తర్వాత పంపు గానీ మోటారు గానీ, అన్నిటికంటే చివర రాక్. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, బండి జబ్బు మాత్రం పోదు.

మన దిక్కు రోడ్లు స్టీరింగ్ భాగాలను ఎట్లా తింటాయో కూడా తెలిసి ఉండాలి. వానాకాలంలో పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్లు రోడ్డంతా నల్లరేగడి పూస్తాయి. అది రిమ్ములోపల పేరుకుని గట్టిపడుతుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల కంకర దుమ్ము చిరిగిన రబ్బరు బూట్లలోంచి లోపలికి పోతాయి. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల అంచున పెట్టిన రాళ్లకు ముందు చక్రం తగిలితే రిమ్ముతోపాటు చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కూడా వంగొచ్చు. బయటికి ఏమీ కనబడదు, మర్నాటి నుంచి బండి ఒక పక్కకు గుంజుతుంది.

మీ బండిది ఏ స్టీరింగ్?

బానెట్ ఎత్తి చూడండి. స్టీరింగ్ బొమ్మ ఉన్న మూతతో చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాంట్లో ఆయిల్ ఉంటే అది హైడ్రాలిక్. ఆక్సెంట్, ఐకాన్, ఇండిగో, లీనియా ఈ కోవలోవి. డబ్బా లేకుండా, ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మీటరులో స్టీరింగ్ గుర్తు గానీ ఈపీఎస్ అక్షరాలు గానీ వెలిగితే అది ఎలక్ట్రిక్. సిటీ జడ్‌ఎక్స్, ఫ్లూయిడిక్ వెర్నా ఇట్లాంటివి. చక్రాలు, జాయింట్లు, రాక్ రెండింటిలోనూ ఒకే తీరుగా పనిచేస్తాయి. స్టీరింగ్ తేలికగా తిప్పడానికి సాయం ఎక్కడినుంచి వస్తుందనేదే తేడా.

తర్వాత పొద్దున్నే ఖాళీగా ఉండే బైపాస్ మీద పదిహేను నిమిషాలు నడిపి చూడండి. బరువుగా ఉందా, వదులుగా ఉందా, గుంజుతోందా, వణుకుతోందా, చప్పుడు చేస్తోందా? ఏ వేగంలో, ఎటు తిప్పినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడా, గుంత దాటినప్పుడా? ఇవి కాగితం మీద రాసుకుని మెకానిక్ చేతిలో పెడితే సగం పని అయినట్టే.

బండి ఎత్తేముందు

చదునైన గట్టి నేల కావాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు పక్కలా కట్టెమొద్దులు పెట్టి, వీల్ నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి చేయి కూడా పెట్టొద్దు. స్టాండు వేసి బరువు దాని మీదికి దించండి. ఇటుకలు పేర్చడం చాలాచోట్ల కనబడుతుంది. ఇటుక ముందుగా చెప్పకుండా పగులుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది.

బరువైన స్టీరింగ్: హైడ్రాలిక్ బండ్లలో

మొదట గాలి. డ్రైవర్ డోర్ పక్కన పిల్లర్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఈ తరహా సెడాన్లకు మామూలుగా 30 నుంచి 33 పీఎస్‌ఐ. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మండుటెండలో నలభై కిలోమీటర్లు నడిపాక కొలిస్తే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే పొద్దునకు టైరు మెత్తబడి స్టీరింగ్ బరువెక్కుతుంది. వేసవిలో వచ్చే "స్టీరింగ్ టైటైంది" ఫిర్యాదుల్లో ఇది తరచూ దొరికే కారణం.

గాలి సరిగ్గానే ఉంటే ఆయిల్ చూడండి. ఇంజిన్ ఆపి ఉంచాలి. డబ్బా మీద చల్లబండికి ఒక గీత, వేడిబండికి ఒక గీత ఉంటాయి, లేదా కనిష్ఠం, గరిష్ఠం అని ఉంటాయి. తెల్ల గుడ్డ కొసను ముంచి చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే బాగున్నట్టు. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే మార్చాలి. నల్లగా ఉండి సన్నటి రబ్బరు పొడి కనిపిస్తే పైపులు లోపలినుంచి విడిపోతున్నాయని అర్థం, పైపులతో సహా మార్చాలి. నురుగు ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. సాధారణంగా డబ్బా నుంచి పంపుకు వెళ్లే లావు పైపు క్లిప్పు దగ్గర వదులవుతుంది.

ఏ ఆయిల్ పోయాలో మూత మీద రాసి ఉంటుంది. చాలా బండ్లకు డెక్స్రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్), పాత హ్యుందాయ్‌లకు పీఎస్‌ఎఫ్-3. ఎక్కడా దొరకలేదని బ్రేక్ ఆయిల్ మాత్రం పోయొద్దు. బ్రేక్ ఆయిల్ తాకితే పంపులో, రాక్‌లో ఉన్న సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని రోజుల్లోనే పంపు, రాక్ రెండూ కారడం మొదలవుతుంది. ఒక్క చిన్న సీసాతో జరిగే అతి పెద్ద నష్టం ఇదే.

ఆయిల్ మార్చడం ఇంటి దగ్గర చేసుకోగల పని. వ్యవస్థ మొత్తానికి ఇంచుమించు లీటరు పడుతుంది, కడగడానికి కలిపి రెండు లీటర్లు తెచ్చుకోండి. ముందు చక్రాలు రెండూ నేల విడిచేలా ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. రాక్ నుంచి డబ్బాకు తిరిగొచ్చే సన్నపైపును డబ్బా దగ్గర ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టండి. డబ్బాకున్న ఆ ముక్కును రబ్బరు మూతతో బిగించండి. ఒకరు ఇంజిన్ వేయకుండానే స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పుతుంటే పాత ఆయిల్ సీసాలో పడుతుంది. ఇంకొకరు డబ్బా ఖాళీ కాకుండా కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలోకి ఎర్రటి ఆయిల్ రావడం మొదలయ్యాక పైపు తిరిగి పెట్టేయండి.

ఇప్పుడు గాలి తీయాలి, తొందరపడితే చెడేది ఇక్కడే. ఇంజిన్ ఆపే ఉంచి కొస నుంచి కొసకు 15 నుంచి 20 సార్లు తిప్పండి. మధ్యమధ్యలో మట్టం చూసి పోస్తుండండి. బుడగలు రావడం ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే పని నాలుగైదు సార్లు మరింత నిదానంగా చేయండి. కొస దగ్గర ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. ఆయిల్ పాలలా తెల్లగా మారితే ఇంజిన్ ఆపి అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

బెల్టు సంగతి తొందరగా తేలిపోతుంది. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకంటే ఎక్కువ పోతే వదులు. లోపలి ముఖం అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లు ఉన్నా కొత్తది వేయాలి. పొద్దున చల్లబండిని పూర్తిగా తిప్పినప్పుడు కీచుమంటే బెల్టే. తిప్పినంతసేపూ మూలిగినట్టు చప్పుడు వస్తే అది ఆయిల్ తక్కువై గానీ గాలి చేరి గానీ పంపు పడే బాధ.

ఆయిల్, బెల్టు, గాలి అన్నీ బాగుండి ఇంకా బరువుగా ఉంటే జాకీ పరీక్ష చేయండి. ముందు చక్రాలు గాలిలో ఉండగా, ఇంజిన్ ఆపి, చేత్తో స్టీరింగ్ తిప్పండి. కొసల మధ్య ఒకే తీరుగా కదలాలి. ఒక చుట్టులో రెండుచోట్ల మాత్రమే బిగుసుకుని మళ్లీ వదులైతే డ్యాష్‌బోర్డు కింద, పెడళ్ల దగ్గర ఉండే స్టీరింగ్ క్రాస్ జాయింట్ తుప్పు పట్టింది. నీళ్లు నిలిచే రోడ్లలో తిరిగిన బండ్లలో ఇది మామూలే. ఆ జాయింట్ విడిగా దొరుకుతుంది, రాక్‌ను ముట్టుకోనక్కర్లేదు.

బరువైన స్టీరింగ్: ఎలక్ట్రిక్ బండ్లలో

ఇక్కడ మల్టీమీటర్ లేకుండా ఏ భాగమూ మార్చొద్దు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. స్టార్ట్ చేసే క్షణంలో 10 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది. స్టీరింగ్ మోటారు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. వోల్టేజీ తగ్గగానే కంట్రోల్ యూనిట్ తనను తాను కాపాడుకోవడానికి సాయం ఆపేసి లైటు వెలిగిస్తుంది. అంటే మోటారు చెడిపోలేదు, దానికి తిండి అందలేదు.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, ఆకుపచ్చటి బూజులాంటిది పేరుకుంటే ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్ తీసి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో బ్రష్ కొట్టి ఆరబెట్టి బిగించండి. బాడీకి కలిసే ఎర్త్ వైరు బోల్టును కూడా విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి. పాత బండ్లలో అప్పుడప్పుడు వెలిగి ఆరిపోయే స్టీరింగ్ లైటు చాలాసార్లు దీంతోనే పోతుంది. తర్వాత స్టీరింగ్‌కు కరెంటు ఇచ్చే పెద్ద ఫ్యూజు చూడండి. స్టీరింగ్ లైటుతోపాటు స్పీడోమీటర్ ముల్లు కూడా పనిచేయకపోతే స్పీడ్ సెన్సార్ దగ్గర వెతకండి, ఎందుకంటే వేగం తెలియకపోతే ఎంత సాయం చేయాలో యూనిట్‌కు తెలియదు.

పార్కింగ్‌లో నిలబడి పదేపదే కొస నుంచి కొసకు తిప్పితే స్టీరింగ్ బరువెక్కి, పావుగంట తర్వాత మామూలైతే అది రోగం కాదు. మోటారు వేడెక్కి సాయం తగ్గించింది. మే నెలలో రామగుండం ఎండకు నిలబెట్టిన బండిలో ఇది ఇంకా తొందరగా వస్తుంది.

మోటారు స్టీరింగ్ కాలమ్ మీదే ఉండే బండ్లలో ఇంకో చిన్న గొడవ ఉంది. బండి నిలబడి ఉండగా స్టీరింగ్‌ను వేళ్లతో అటూ ఇటూ ఆడిస్తే చేతికి టక్ టక్ అని తగులుతుంది. మోటారుకు, గేరుకు మధ్య ఉండే నక్షత్రం ఆకారపు రబ్బరు ముక్క చితికిపోయి ఉంటుంది. ముక్క చాలా చవక, కాలమ్ దింపి పెట్టాల్సిన కూలీనే ఎక్కువ. మొత్తం కాలమ్ మార్చాలని ఎవరైనా అంటే ఈ ముక్క సంగతి అడగండి.

వదులు: స్టీరింగ్ తిప్పినా చక్రం కదలకపోతే

చక్రాలు నేరుగా ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా, స్టీరింగ్ రిమ్ము మీద ఒక టేపు ముక్క అంటించి స్కేలు పట్టుకోండి. ముందు టైరు కదలడం మొదలయ్యేదాకా టేపు ఎంత జరిగిందో అదే ప్లే. బండిని బట్టి 10 నుంచి 30 మిల్లీమీటర్ల లోపు ఒప్పుకుంటారు. 30 దాటితే ఏ బండికైనా ఎక్కువే.

ఎక్కడుందో పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. బండి నేల మీదే ఉండాలి, ఎత్తితే జాయింట్ల మీద బరువు పోయి లోపం దాక్కుంటుంది. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొద్దిగా, గబగబా అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద వేళ్లు పెట్టి చూడాలి. వేళ్లు ఆ జాయింట్‌లో రెండు ముక్కలనూ ఒకేసారి తాకేలా ఉండాలి. రెండూ కలిసి కదిలితే జాయింట్ మంచిదే. ఒకటి ముందు కదిలి, రెండోది కొంచెం ఆగి కదిలితే, ఆ ఆగిన సందే మీరు వెతుకుతున్నది. కంటికి కనబడనిది కూడా వేలికి తెలుస్తుంది.

తర్వాత చక్రం ఎత్తి స్టాండు మీద ఉంచి రెండు పరీక్షలు. గడియారంలో తొమ్మిది, మూడు అంకెలుండే చోట్ల టైరును పట్టుకుని ఊపితే ఆడితే టై రాడ్ ఎండ్ గానీ దాని లోపలుండే రాక్ ఎండ్ గానీ. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే ఆడితే వీల్ బేరింగ్ గానీ లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ గానీ. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. బాల్ జాయింట్ ఆడుతున్న బండిని మెకానిక్ దాకా కూడా నడపొద్దు, అక్కడికే పిలిపించండి. అది ఊడితే చక్రం పక్కకు మడిచిపెట్టుకుని బండి కూలబడుతుంది.

టై రాడ్ ఎండ్ మార్చడం నేర్చుకోదగ్గ పని. కావాల్సినవి: వీల్ నట్ పానా, 17, 19 నంబర్ పానాలు, ప్లయర్, బాల్ జాయింట్ పుల్లర్ గానీ మంచి సుత్తె గానీ, తుప్పు వదిలించే స్ప్రే, కొత్త స్ప్లిట్ పిన్. ముందు రోజు రాత్రే మరల మీద స్ప్రే కొట్టి వదిలేయండి. చక్రం తీశాక, లాక్ నట్ ఎక్కడుందో రాడ్ మీద పెయింటుతో గీత పెట్టి, నట్టును పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. స్ప్లిట్ పిన్ తీసి, కిరీటంలాంటి నట్టు విప్పండి, పూర్తిగా తీసేయకుండా చివరి రెండు మరల మీద ఉంచండి. ఇప్పుడు చక్రం హబ్బును పట్టుకునే నకిల్‌లో జాయింట్ దూరిన కన్నుకు పక్కనుంచి సుత్తెతో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే జాయింట్ పట్టు విడుస్తుంది. బోల్టు కొసమీద కొట్టొద్దు, మరలు చితుకుతాయి. చివరి మరల మీద నట్టు ఉండడం వల్ల జాయింట్ విడిచినప్పుడు ఎగిరి చేతికి తగలదు.

పాత ఎండ్‌ను విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టండి, సగం చుట్టు కూడా వదలొద్దు. కొత్తది సరిగ్గా అన్నే చుట్లు ఎక్కించండి. కిరీటంలాంటి నట్టును చాలా సెడాన్లలో 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తారు, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెనే తీసుకోండి. పిన్ రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించి కుదర్చాలి, వెనక్కి వదులు చేసి కాదు. పాత పిన్ మళ్లీ వాడొద్దు. వీల్ నట్లు ఎదురెదురుగా 100 నుంచి 110 న్యూటన్ మీటర్లకు బిగించి, యాభై కిలోమీటర్ల తర్వాత మరోసారి చూసుకోండి. చుట్లు ఎంత కచ్చితంగా లెక్కపెట్టినా అలైన్‌మెంట్ తప్పదు. లెక్క మిమ్మల్ని అలైన్‌మెంట్ సెంటర్ దాకా క్షేమంగా చేరుస్తుంది, అంతవరకే దాని పని.

"రాక్ టైట్ చేస్తా" అంటే ఒప్పుకోవద్దు

రాక్ కింద ఒక పెద్ద మర ఉంటుంది. అది లోపలి స్ప్రింగును నొక్కి రాక్ కడ్డీని పినియన్ (స్టీరింగ్ కొసనుండే చిన్న గేరు) పళ్లకు ఆనించి ఉంచుతుంది. ప్లే ఉందనగానే దాన్ని పావు చుట్టో అర చుట్టో బిగించి "అయిపోయింది" అనడం చాలాచోట్ల అలవాటు. నడిపితే నిజంగానే వదులు పోయినట్టుంటుంది. కానీ బండి నేరుగా పోయే కాలమే ఎక్కువ కాబట్టి రాక్ పళ్లు మధ్యలోనే అరుగుతాయి, రెండు కొసల్లో కొత్తవాటిలాగే ఉంటాయి. అరిగిన మధ్యభాగానికి సరిపోయేట్టు బిగిస్తే మలుపులో కొసల దగ్గరికి వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు అయిపోయాక స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. తాడ్వాయి అడవిలో మలుపులు తిరిగే రోడ్డు మీద గానీ, లారీని తప్పించి మళ్లీ లైన్లోకి వచ్చేటప్పుడు గానీ ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. మాన్యువల్ ప్రకారం కొలిచి, రెండు కొసలూ పరీక్షించి సరిచేసేవాళ్లు వేరు. రోడ్డు పక్కన పానా పెట్టి అందాజుగా బిగించడం వేరు. ముందే ఎవరైనా అలా బిగించి ఉంటే గుర్తుపట్టడం తేలిక: ఆ మర చుట్టూ దుమ్ము లేకుండా తాజా పానా గాట్లు కనబడతాయి.

ఒక పక్కకు గుంజడం

మనం ఎడమ పక్కన నడుపుతాం, రోడ్డు వాన నీళ్లు జారడానికి అంచువైపు వాలి ఉంటుంది. కాబట్టి చేయి వదిలితే బండి నెమ్మదిగా ఎడమకు పోవడం సహజం. ఖాళీగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేనప్పుడు రోడ్డు మధ్యభాగంలో నడిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడా గుంజితే ముందు టైర్లు రెండింటినీ అటూ ఇటూ మార్చండి. తిరిగే దిశ బాణం గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు. మార్చాక గుంజుడు రెండో పక్కకు మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు.

మారకపోతే పది కిలోమీటర్లు నడిపి, ఎక్కువ బ్రేకులు వాడకుండా ఆపి, రెండు ముందు రిమ్ముల దగ్గరికి అరచేతి వెనుక భాగం తీసుకెళ్లి చూడండి, తాకొద్దు. ఒకటి బాగా సెగ కొడుతుంటే ఆ పక్క బ్రేకు పూర్తిగా వదలడం లేదు. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులు తీసి, శుభ్రం చేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెడితే సరిపోతుంది. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది.

కుడికి తిరిగాక కుడికి, ఎడమకు తిరిగాక ఎడమకు గుంజే బండి అందరినీ తికమక పెడుతుంది. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ స్ట్రట్ పైన ఉండే బేరింగ్. ఒకరు నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే మీరు స్ప్రింగు బయటి వైపు అరచేయి ఆనించండి, చుట్ల సందులో వేళ్లు పెట్టొద్దు. మంచి బేరింగ్ అయితే స్ప్రింగు మెత్తగా తిరుగుతుంది. పట్టేసినదైతే కాసేపు తిరగకుండా మెలిపడి, టంగుమని ఒక్కసారి ఎగురుతుంది. ఆ ఎగురుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. రెండు పక్కలా కలిపి మార్చడం మంచిది.

అలైన్‌మెంట్ ఎప్పుడూ చివరి పని. వదులు జాయింట్లతో చేయించిన అలైన్‌మెంట్ గేటు దాటేలోపే పోతుంది. ముందు, తర్వాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోండి. చాలా సెడాన్లలో ముందు చక్రాలకు సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన తీరు) ఒక్కటే. కాగితంలో క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన తీరు) ఒక పక్కన మాత్రమే ఎర్రగా చూపిస్తుంటే ఆ పక్క లోయర్ ఆర్మ్ గానీ స్ట్రట్ గానీ వంగిందని అర్థం. మెషిన్ దాన్ని సరిచేయలేదు, భాగమే మార్చాలి. స్టీరింగ్ వంకరగా ఉంటే రెండు టై రాడ్లనూ సరిసమానంగా తిప్పి సరిచేయాలి. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి ఒక పన్ను జరిపి పెడతామంటే వద్దనండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో దాని కింద చుట్టలా ఉండే వైరు తెగిపోతుంది.

టో తప్పిందో లేదో చేత్తోనే చూడొచ్చు. టైరు ముఖం మీద అరచేత్తో బయటినుంచి లోపలికి, లోపలినుంచి బయటికి నిమరండి. ఒక దిక్కు నున్నగా, రెండో దిక్కు రంపం పళ్లలా గుచ్చుకుంటే టో తప్పింది.

వణుకు

80 నుంచి 100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణికి, దానికి ముందూ వెనకా తగ్గితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్. డబ్బులు పెట్టేముందు చక్రం లోపలి వైపు చూడండి. వాన రోజుల తర్వాత వచ్చే వణుకు చాలామట్టుకు రిమ్ములో ఎండిన నల్లరేగడి పెళ్లే. నీళ్లు కొట్టి, కర్రతో గీకి శుభ్రం చేశాక కూడా వణికితే అప్పుడు బ్యాలెన్సింగ్‌కు వెళ్లండి.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేక్ డిస్కు అంతటా ఒకే మందంలో లేదు. కనీస మందం ఎంత ఉండాలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే లేత్ పట్టించకుండా జతగా కొత్తవి వేయాలి. ముప్పై, నలభై వేగంలోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగితే టైరు పక్కన గానీ ముఖం మీద గానీ ఉబ్బు ఉందేమో చూడండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా, పగుళ్లు తేలిన పాత టైరును ముందు పెట్టొద్దు.

చప్పుళ్లు

గుంతల్లో టకటకమంటే అందరూ రాక్ అంటారు. చాలాసార్లు అది మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీకి ఉండే లింక్ రాడ్. లింక్ రాడ్లు రెండూ విప్పి పక్కన పెట్టి, అదే వీధిలో అదే గుంత మీద నెమ్మదిగా పోనివ్వండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. ఈ పరీక్షకు తప్ప అవి లేకుండా వేగంగా నడపొద్దు. పూర్తిగా తిప్పి ముందుకు కదిలినప్పుడు వచ్చే కటకట ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్‌ది, దానికీ స్టీరింగ్‌కూ సంబంధం లేదు.

నిజంగా రాక్ పోయినప్పుడు

మూడు గుర్తులు. రాక్ రెండు కొసల్లో ఉండే ముడతల రబ్బరు బూటును కింద నొక్కితే లోపల ఆయిల్ కదలడం. అన్ని జాయింట్లు కొత్తవైనా పినియన్‌కు ఎదుటి కొసన రాక్ కడ్డీ బుష్‌లో పైకీ కిందికీ ఆడడం. చక్రాలు ఎత్తి చేత్తో తిప్పితే ఒకచోట గరగరమని పట్టడం. ఇవి కాక, ఎగ్జాస్ట్ మీద ఆయిల్ కారుతుంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి బండి అక్కడే ఆపాలి.

బాగుచేయించాలా, మార్చాలా అన్నది కడ్డీ చూసి తేల్చాలి. బూటు వెనక్కి జరిపి, కడ్డీ తుడిచి, దాని పొడవునా గోరుతో గీయండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే సీల్ కిట్ వేసి బాగుచేయించవచ్చు. తుప్పు గుంటలో గోరు తట్టుకుంటే ఏ సీల్ వేసినా ఆ గుంట దాన్ని కొన్ని నెలల్లో కోసేస్తుంది, అప్పుడు కొత్త రాక్ గానీ నమ్మకమైనచోట రీకండిషన్ చేసినది గానీ వేయాలి. ఈ గుంటలన్నీ చిరిగిన బూటులోంచి పోయిన నీళ్లు, మట్టి వల్ల వచ్చినవే. అందుకే సర్వీసుకు బండి ఎత్తిన ప్రతిసారీ, ముఖ్యంగా వానలు మొదలయ్యేముందు, రెండు బూట్లనూ వేళ్లతో విడదీసి ముడతల మధ్య చూడండి. పగులు కనిపిస్తే బూటు, రెండు క్లిప్పులు ఆ రోజే మార్పించండి.

రాక్ మార్చినప్పుడు పాత ఆయిల్ పూర్తిగా కడిగించండి, లేకపోతే పాత పంపులోని ఇనుప పొడి కొత్త సీళ్లను తినేస్తుంది. రాక్ మధ్యలో ఉండగానే స్టీరింగ్ కాలమ్ కలపాలి, లేకపోతే ఒక పక్కకు ఎక్కువ, ఒక పక్కకు తక్కువ తిరుగుతుంది. గాలి తీసి, అలైన్‌మెంట్ చేయించి, ఖాళీ రోడ్డు మీద 20, 30 వేగంలో రెండు పక్కలా మలుపులు తిప్పి, స్టీరింగ్ వదిలితే తనంతట తాను నేరుకు వస్తోందో లేదో చూశాకే పెద్ద రోడ్డు ఎక్కండి. వారం తర్వాత డబ్బాలో మట్టం మరోసారి చూడండి.